రెండు ఊళ్ల మధ్య ఒక ఇల్లు

 



కర్నూలులో ఒకనాడు ఇషా నమాజు ముగించుకొని మేము మస్జిదు మెట్లు దిగుతుండగా ఒక యువకుడు సలాం చేసి పక్కన నిలబడ్డాడు. బి.కాం. చదివి అక్కౌంట్ల పని చేసుకుంటున్నాడు. పెళ్లయి మూడేళ్లు. తొమ్మిది నెలల బాబు. ఇంట్లో భర్తను పోగొట్టుకున్న తల్లి. జేబులోంచి రెండు కాగితాలు తీసి చూపించాడు. ఒకటి బెంగళూరు నుంచి వచ్చింది, నెలకు 62 వేలు. ఇంకొకటి హైదరాబాదు నుంచి, 47 వేలు. వారం రోజుల్లో జవాబు చెప్పాలట. “మౌలానా! నాకేమీ తోచడం లేదు. నా తరఫున మీరే ఇస్తిఖారా చేసి ఏ ఊరు మంచిదో చెప్పండి” అన్నాడు.

కర్నూలు 44వ నంబరు జాతీయ రహదారి మీద ఉంది. ఆ దారిన ఉత్తరానికి సుమారు 210 కిలోమీటర్లు పోతే హైదరాబాదు, దక్షిణానికి సుమారు 360 కిలోమీటర్లు పోతే బెంగళూరు. మన ప్రాంతపు యువకులు ఎంతోమంది బతుకుతెరువు కోసం ఏళ్ల తరబడి ఈ రెండు నగరాలకే పోతున్నారు. కనుక ఇది ఆ ఒక్క యువకుని ప్రశ్న కాదు, మనలో చాలా ఇళ్ల ప్రశ్న.

ఇస్తిఖారా ఎవరు చేయాలి?

ముందుగా ఒక అపోహను తొలగించుకుందాం. చాలామంది ఇస్తిఖారాను మరొకరితో చేయించే పనిగా భావిస్తారు. ఎవరో పెద్దమనిషి పడుకొని కలగనాలి, కలలో పచ్చదనం కనిపిస్తే మంచిది, నలుపు కనిపిస్తే చెడ్డది అని చెప్పుకుంటారు. హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ఉల్లేఖించిన, సహీహ్ బుఖారీలో ఉన్న హదీసు చూస్తే విషయం తేటతెల్లమవుతుంది. దైవప్రవక్త (స) తమ సహచరులకు ఖుర్‌ఆన్ సూరాను నేర్పినంత శ్రద్ధగా ఇస్తిఖారాను నేర్పేవారు. పని తలపెట్టిన మనిషే రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, తానే తన ప్రభువును వేడుకోవాలి. అందులో దాసుడు తన తెలియనితనాన్ని ఒప్పుకుంటాడు. ఈ పని తన ధర్మానికి, తన జీవనానికి, తన పర్యవసానానికి మేలైతే దాన్ని సులభం చేయమంటాడు. కీడైతే దూరం చేయమంటాడు. మేలు ఎక్కడున్నా దాన్ని ప్రసాదించి, దానితో తన మనసును తృప్తిపరచమంటాడు.

ఇందులో కల ప్రసక్తి లేదు, రంగుల ప్రసక్తీ లేదు. కానీ వరస మాత్రం ఉంది. ముందు ధర్మం, తర్వాత జీవనం, ఆ తర్వాత పర్యవసానం. మేము ఆ యువకునితో, “బాబూ! నమాజు నీవే చెయ్యాలి. అయితే అల్లాహ్ ఇచ్చిన తెలివిని పక్కన పెట్టి చెయ్యకు. ముందు తూకం వెయ్యి, సలహా అడుగు, ఆ తర్వాత ఆయన ముందు నిలబడు” అన్నాము.

ఇబ్రాహీం (అలై) వేసిన తూకం

చంటిబిడ్డతో ఉన్న కుటుంబాన్ని కొత్తచోట నిలిపిన గొప్ప ఉదాహరణ మనకు హజ్రత్ ఇబ్రాహీం (అలై) జీవితంలో ఉంది. ఆయన హజ్రత్ హాజిరాను, పాలు తాగే ఇస్మాయీల్‌ను పైరుపంటలు లేని మక్కా లోయలో విడిచి వెళుతూ చేసిన దుఆను అల్లాహ్ సూరా ఇబ్రాహీం 37వ ఆయతులో భద్రపరిచాడు. ఆ దుఆలోని క్రమం చూడండి. వారు నమాజు స్థాపించాలన్నది మొదటి మాట. ప్రజల హృదయాలు వారి వైపు మొగ్గాలన్నది రెండో మాట. వారికి పండ్లు ఫలాలు ఆహారంగా లభించాలన్నది మూడో మాట. చివరగా, వారు కృతజ్ఞులు కావాలని.

మనం ఏం చేస్తున్నాము? మూడోదాన్ని మొదట పెడుతున్నాము. జీతం ఎంత అని అడిగి, అక్కడితో ఆగిపోతున్నాము. ఇరుగుపొరుగు ఎవరు, మస్జిదు ఎంత దూరం అన్నవి సామాను దించిన తర్వాత తెలుసుకునే సంగతులు అయిపోయాయి. ఇబ్రాహీం (అలై) ఆహారాన్ని మరచిపోలేదు, తప్పక అడిగారు. అయితే దాని స్థానంలో దాన్ని ఉంచి అడిగారు.

రెండో మాటను చిన్నదిగా అనుకోవద్దు. జమ్‌జమ్ ఉబికిన తర్వాత జుర్హుమ్ తెగవారు వచ్చి అక్కడ నివసించేందుకు అనుమతి కోరినప్పుడు, నీటి మీద హక్కు తనదేనన్న షరతుతో హాజిరా ఒప్పుకున్నారు. ఆమెకు మనుషుల తోడు ఇష్టమని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ హదీసులో ఉంది. అంతటి విశ్వాసం గల తల్లికే మనిషి తోడు అవసరమైతే, కొత్త నగరంలో మూడో అంతస్తులో చంటిబిడ్డతో ఉదయం నుంచి రాత్రి దాకా ఒంటరిగా కూర్చునే మన ఇంటి ఆడబిడ్డ మాటేమిటి?

ఇక్కడ మా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మదరసా చదువు ముగిసిన కొత్తలో మాకూ రెండు ఊళ్ల నుంచి ఇమామత్‌కు పిలుపు వచ్చింది. ఎక్కువ జీతం చూసి దూరపు ఊరికి ఒప్పుకున్నాము. అక్కడ మా ఇంటివారికి పలకరించే పొరుగు లేదు. ఒక రాత్రి పాపకు జ్వరం ఎక్కువైంది. ఆమె పాపను భుజాన వేసుకొని ఆటో కోసం ఒంటరిగా రోడ్డు మీద నిలబడింది. ఆ సమయానికి మేము పక్క ఊరి జల్సాలో ప్రసంగిస్తున్నాము. ప్రసంగ విషయం, కుటుంబ హక్కులు. ఈ మాట చెప్పడానికి మాకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంటుంది. అల్లాహ్ మమ్మల్ని క్షమించుగాక.

మొదటి గడప: హలాల్

జీతాల తేడా లెక్కించే ముందు చేయబోయే పని ధర్మసమ్మతమైనదేనా అని చూడాలి. వడ్డీ తినేవాణ్ణి, ఇచ్చేవాణ్ణి, దాన్ని రాసేవాణ్ణి, దానికి సాక్షులైన ఇద్దరినీ దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతోంది. లెక్కలు రాసే వృత్తిలో ఉన్నవారు ఈ హదీసును ఎన్నడూ మరువరాదు. ఆ యువకుడు చూపించిన రెండు కంపెనీలలో ఒకటి మందుల పంపిణీ చేసేది, రెండోది మోటారు విడిభాగాలు అమ్మేది. అల్‌హమ్దులిల్లాహ్, రెండూ ఈ గడప దాటాయి.

ఉద్యోగంలోకి అడుగుపెట్టే దారి కూడా శుభ్రంగా ఉండాలి. చేయని ఉద్యోగానికి ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్టు కొనడం, పాత జీతాన్ని ఎక్కువ చేసి చూపించడం మనవాళ్లలోనూ పాకింది. అబద్ధం మీద మొదలైన జీతంలో బర్కత్ ఎక్కడిది? అలాగే ఒకరికి వస్తానని మాట ఇచ్చి, ఆ కాగితాన్నే చూపించి మరొకరితో బేరమాడి, చేరే రోజున ఫోను ఆపేయడం తెలివి కాదు. ఒప్పందాలను నెరవేర్చమని సూరా మాయిదా తొలి ఆయతులోనే ఆజ్ఞ ఉంది. జుమా నమాజుకు సమయం ఇస్తారా లేదా అన్న సంగతి కూడా సంతకం పెట్టక ముందే మర్యాదగా అడిగి తెలుసుకోవాలి.

తర్వాత ఇంటి సంగతి. బెంగళూరులో అద్దె ఇంటికి పది నెలల అద్దెను అడ్వాన్సుగా అడగటం చాలాకాలంగా ఉన్న వాడుక. ఇతను చూసుకున్న ఇంటి అద్దె 20 వేలు. అంటే 2 లక్షలు. హైదరాబాదులో చూసిన ఇల్లు 12 వేలు, రెండు నెలల అడ్వాన్సు. “ఆ 2 లక్షలు ఎక్కడివి?” అని అడిగాము. “లోను తీసుకుందామని” అన్నాడు. అంటే ఆ ఇంటి గుమ్మంలోకి కుటుంబం కంటే ముందు వడ్డీ అడుగుపెడుతుందన్న మాట.

మరికొందరు “లీజు” అని ఇంకో దారి పడతారు. ఇంటి యజమానికి కొన్ని లక్షలు ఇచ్చి, అద్దె లేకుండా కాపురముండి, గడువు తీరాక ఆ సొమ్ము మొత్తం వెనక్కి తీసుకుంటారు. ఇందులో వడ్డీ ఏముందని అడుగుతారు. యజమానికి ఇచ్చింది అప్పు. ఆ అప్పుకు ప్రతిఫలంగా పొందింది ఉచిత నివాసం. అప్పు మీద షరతుగా పొందే లాభం వడ్డీయేనని ధర్మవేత్తలు తీర్మానించారు. పేరు మారినంత మాత్రాన వస్తువు మారదు. ఇటువంటి ఒప్పందంలో ఇప్పటికే ఉన్నవారు తమ ఊరి ముఫ్తీ గారిని కలిసి, న్యాయమైన అద్దె నిర్ణయించుకొని బయటపడే మార్గం తెలుసుకోవాలి.

తర్వాత ఆ యువకుడు మా ముందే లెక్క వేశాడు. జీతాల తేడా 15 వేలు. అద్దె తేడా 8 వేలు, రోజువారీ ప్రయాణం తేడా రెండున్నర వేలు, తల్లిని చూడటానికి నెలనెలా వచ్చే ఖర్చు తేడా ఒకటిన్నర వేలు. మిగిలింది 3 వేలు. లోను కంతు అందులోంచే కట్టాలి. కాగితం చేతిలో పెట్టుకొని కాసేపు మౌనంగా ఉండిపోయాడు.

ఇల్లాలిని అడిగావా?

“మీ ఇంట్లో ఏమంటున్నారు?” అని అడిగాము. “ఆమెకేం తెలుసు మౌలానా, ఇంటరే కదా చదివింది” అన్నాడు.

సోదరులారా! బిడ్డకు పాలు మాన్పించే విషయంలో తల్లిదండ్రులు పరస్పర అంగీకారంతో, సంప్రదింపుతో నిర్ణయం తీసుకోవడం గురించి సూరా బఖరా 233వ ఆయతు చెబుతోంది. పాలు మాన్పించడానికే సంప్రదింపు కావాలంటే, ఊరు మాన్పించడానికి అక్కరలేదా? హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా వద్ద సహచరులు దుఃఖంతో కదలలేకపోయినప్పుడు దైవప్రవక్త (స) హజ్రత్ ఉమ్మె సలమా (రజి) సలహా విన్నారు. ఎవరితోనూ మాట్లాడక ముందుగా తమ ఖుర్బానీ ఇచ్చి, శిరోముండనం చేయించుకున్నారు. అది చూసి అందరూ లేచారు. వహీ అందుకునే ప్రవక్త (స) భార్య సలహా వింటే, మనకు నామోషీ ఏమిటి?

అతను ఇంటికి వెళ్లి అడిగాడు. నాలుగో రోజు తిరిగి వచ్చి చెప్పాడు. ఆమె జీతం మాట ఎత్తలేదట. “ఏ ఊళ్లో మీరు ఇంటికి ఎన్ని గంటలకు వస్తారు? బాబు మేలుకొని ఉండగా వస్తారా?” అని మాత్రం అడిగిందట. అతని దగ్గర జవాబు లేదు. రెండు కంపెనీలకూ ఫోను చేసి కనుక్కున్నాడు. బెంగళూరులో రాత్రి తొమ్మిది దాటుతుంది, నెలాఖరులో ఇంకా ఆలస్యం. హైదరాబాదులో ఆరున్నరకు ఇంట్లో ఉండవచ్చు. ఇంటర్ చదివిన ఆ ఇల్లాలు అడిగిన ప్రశ్న అతనికీ తోచలేదు, మాకూ తోచలేదు.

తల్లిని కూడా అడగమన్నాము. జిహాద్‌కు అనుమతి కోరి వచ్చిన వ్యక్తిని దైవప్రవక్త (స) తల్లిదండ్రులు బతికున్నారా అని అడిగి, వారి సేవలోనే పాటుపడమని పంపివేశారు. ఆ తల్లి కర్నూలు విడిచి రానంది. “పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి మనవణ్ణి చూసుకొనే ఊరైతే చాలు” అందట.

అయితే తక్కువ జీతం తీసుకోవడమే దైవభక్తి అని ఎవరూ అపార్థం చేసుకోవద్దు. మరో సోదరునికి తండ్రి మిగిల్చి పోయిన అప్పు ఉండేది. అతనికి దూరపు నగరంలోని పెద్ద జీతమే సరైనదని మేము సలహా ఇచ్చాము. ఎందుకంటే అప్పు తీర్చడం వాయిదా వేయదగిన పని కాదు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) మక్కా వదలి మదీనా చేరినప్పుడు, అన్సారీ సోదరుడు హజ్రత్ సఅద్ బిన్ రబీ (రజి) తన ఆస్తిలో సగం ఇస్తానన్నా తీసుకోక, బజారు దారి చూపమన్నారు. నెయ్యి, ఎండబెట్టిన జున్నుతో వ్యాపారం మొదలుపెట్టారు. సంపాదన కోసం కష్టపడటం విశ్వాసికి గౌరవమే. ఎవరి ఇంటి తూకం వారిది, తూకపురాళ్లు మాత్రం అందరికీ ఒక్కటే.

లోయకు రెండు వైపులు

హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు బయలుదేరి, సర్గ్ అనే చోట అక్కడ ప్లేగు ఉందని విన్నారు. ముహాజిర్లను, అన్సార్లను, ఖురైష్ పెద్దలను వరుసగా పిలిచి సలహా అడిగి, వెనక్కి మళ్లాలని నిర్ణయించారు. దైవ నిర్ణయం నుంచి పారిపోతున్నారా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నిస్తే, ఒక దైవ నిర్ణయం నుంచి మరో దైవ నిర్ణయం వైపే పోతున్నామన్నారు. ఒంటెలతో దిగిన లోయకు పచ్చని వైపు, ఎండిన వైపు ఉంటే ఎటు మేపినా అది అల్లాహ్ నిర్ణయంతోనే జరుగుతుందని వివరించారు.

కనుక పచ్చని వైపును వెతకడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. అయితే మన కుటుంబానికి ఏది పచ్చిక అన్నది సరిగా గుర్తించాలి. సంప్రదించిన తర్వాత నిశ్చయించుకొని, ఆపై అల్లాహ్ మీద భారం వేయమని సూరా ఆలి ఇమ్రాన్ 159వ ఆయతు నేర్పుతోంది.

ఆ యువకుడు ఇస్తిఖారా చేసి హైదరాబాదు వెళ్లాడు. మూడు నెలలకు ఫోను చేశాడు. “మౌలానా! బెంగళూరు ఉద్యోగంలో నా స్నేహితుడు చేరాడు. అప్పుడే జీతం పెంచారట. మనసు కొంచెం లాగుతోంది” అన్నాడు. దాచకుండా చెప్పినందుకు సంతోషించి, ఒక హదీసు గుర్తు చేశాము. జరిగిపోయినదాని మీద ‘అలా చేసి ఉంటేనా’ అనే మాట షైతాను పనికి తలుపు తెరుస్తుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. స్నేహితుని ఉపాధి స్నేహితునిది, నీ ఉపాధి నీది. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని సూరా హూద్ 6వ ఆయతు తెలుపుతోంది. ప్రళయదినాన ఆయన నిన్ను అడిగేది బెంగళూరు జీతం ఎందుకు వదిలావని కాదు, నీకు అప్పగించిన వారిని ఎలా చూసుకున్నావని.

అతను కాసేపు ఆగి, “బాబు నిన్న మగ్రిబ్ తర్వాత మొదటి అడుగు వేశాడు మౌలానా, నేను ఇంట్లోనే ఉన్నాను” అన్నాడు.

ఓ అల్లాహ్! మా యువకులకు ధర్మసమ్మతమైన, బర్కత్ గల ఉపాధిని ప్రసాదించు. వారు ఏ ఊళ్లో ఉన్నా వారి ఇళ్లలో నమాజును నిలుపు. మంచి పొరుగును ప్రసాదించు. నీవు ఇచ్చినదానితో మా మనసులను తృప్తిపరచు. ఆమీన్.