మాతృభాషలో తల్లి ఎవరు?

2004 జనవరిలో, మా అమ్మాయికి మూడున్నరేళ్లప్పుడు, ఎల్‌కేజీ సీటు కోసం హైదరాబాదులో ఒక స్కూలుకి తీసుకెళ్లాను. టీచరు ఒక రంగుల బొమ్మ చూపించి ఇదేమిటని ఇంగ్లీషులో అడిగింది. మంచుతో చేసిన మనిషి బొమ్మ అది. మెడకి మఫ్లరు, ముక్కుకి బదులు కేరెట్టు. మా పిల్ల దాన్ని చాలాసేపు చూసి, "ఈయనకు సలి పెడ్తలేదా?" అంది. టీచరు నవ్వి కాగితం మీద ఏదో రాసుకుంది. తర్వాత నన్ను పక్కకి పిలిచి, పాపకి మాటలు తక్కువగా వచ్చాయని, ఇంట్లో నేను ఎక్కువ మాట్లాడాలని చెప్పింది. తల్లులు ఉద్యోగం చేస్తే ఇది మామూలేనని ఓదార్చింది కూడా.

ఆ రోజు నేను రెండు రకాలుగా సిగ్గుపడ్డాను. పిల్లతో సరిపడా మాట్లాడని తల్లినయ్యానే అన్నది ఒకటి. అది నా మీద మోపిన సిగ్గని తొందరగానే అర్థమైంది. పక్కనే కూర్చున్న నా భర్తకి ఆ టీచరు ఏమీ చెప్పలేదు మరి. రెండోది, నా కూతురు 'చలి' అనకుండా 'సలి' అన్నందుకు. ఆ సిగ్గు ఎవరూ మోపింది కాదు, నాదే. దాని గురించి రాయడానికి ఇన్నేళ్లు పట్టింది.

నేను కాలేజీలో పాఠాలు చెప్పేదాన్ని. ఉదయం ఎనిమిదిన్నరకి వెళ్తే మళ్లీ సాయంత్రమే. ఆ వేళంతా పాపని చూసుకున్నది వరంగల్ వైపు నుంచి వచ్చిన ఒకామె. ఆ చలికాలం పొద్దున్నే ఇద్దరూ వాకిట్లో ఎండపొడ పడేచోట కూర్చుని అనపకాయలు ఒలిచేవారు. గింజలు గిన్నెలో, పొట్టు చాటలో. పుచ్చులు ఏరే పని పాపది. సంక్రాంతి ముందు సకినాలు చేసింది. తడి బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డ మీద వేళ్లతో తిప్పుతూ చుట్టడం. పాపకి కూడా కాస్త పిండి ఇచ్చింది. నేను ఇంట్లో ఉన్న ఒక ఆదివారం విన్నాను: "మూడు సుట్లు ఏసినవు, ఇంకొక్కటి ఎయ్యి. మెల్లగ తియ్యి బిడ్డా, ఇరుగుతది." లెక్క, క్రియ, కారణం, హెచ్చరిక అన్నీ ఆ రెండు మాటల్లో ఉన్నాయి. భాష నేర్పుతున్నానని ఆమె అనుకోలేదు. పని చేస్తూ మాట్లాడింది, అంతే.

పిల్లల భాష గురించి పరిశోధనలు తర్వాత చదివాను. అమెరికాలో బెట్టీ హార్ట్, టాడ్ రిస్లీ కాన్సస్‌లో 42 కుటుంబాలను పరిశీలించి, 1995లో పుస్తకంగా తెచ్చారు. నాలుగేళ్లు వచ్చేసరికి పేద ఇళ్ల పిల్లలు, పెద్ద ఉద్యోగస్తుల పిల్లలకంటే మూడు కోట్ల మాటలు తక్కువ వింటారని వాళ్ల అంచనా. 'పిల్లలతో మాట్లాడండి' అని తల్లులకి చెప్పే సలహాలు చాలావరకు ఆ లెక్క మీద నిలబడ్డాయి. 2019లో డగ్లస్ స్పెరీ, లిండా స్పెరీ, పెగీ మిల్లర్ దాన్ని ప్రశ్నించారు. ముఖ్యంగా చూసుకునే ఒక్కరి మాటలే కాకుండా, ఇంట్లో మిగతావాళ్లు అన్నవీ, పిల్లల చెవిన పడేవీ లెక్కలో చేర్చితే చిత్రం మారుతుందని చూపారు. పిల్లతో నేరుగా అన్న మాటకే ఎక్కువ విలువని వాదించినవాళ్లూ ఉన్నారు. ఆ వాదన తెగలేదు. నాకు మాత్రం ఒక సంగతి తెలిసొచ్చింది. మాటలు లెక్కపెట్టేముందు ఎవరి మాటలు లెక్కలోకి వస్తాయో ఎవరో ఒకరు తేలుస్తారు. ఆ టీచరు కూడా అదే చేసింది. ఒక బొమ్మని చూసి, దానికి చలి వేయదా అని మూడున్నరేళ్ల పిల్ల అడగగలిగింది. అది ఆమె లెక్కలోకి రాలేదు. నా లెక్కలోకీ రాలేదు.

ఎందుకంటే ఆ రోజు నుంచి నేను దిద్దడం మొదలుపెట్టాను. సలి కాదు, చలి. ఇరుగుతది కాదు, విరుగుతుంది. ఏసినవు కాదు, వేశావు. మాది తెనాలి వైపు. మేం మాట్లాడేది పుస్తకాల భాష అని మాకు పుట్టుకతోనే ఒక నమ్మకం. ఆమె ముందే దిద్దేదాన్ని. కొన్నాళ్లకి ఆమె పాపతో మాట్లాడేటప్పుడు నా వంక చూసి ఆగడం మొదలైంది. పాపా తగ్గించింది. మాటలు పెరగాలని నేను చేసిన పని వల్ల ఇంట్లో మాటలు తగ్గాయి.

ఇంకొకటుంది. పాప ఆమెను 'అవ్వా' అని పిలిచేది. సెలవు రోజుల్లో తనతోపాటు వచ్చే నాలుగేళ్ల కొడుకు అలా పిలిస్తే విని నేర్చుకుంది. మా వైపు అవ్వ అంటే ముసలామె. ముప్పై ఏళ్ల మనిషిని అవ్వ అంటుందేమిటని నేను నవ్వాను. వాళ్ల వైపు అవ్వ అంటే అమ్మ అని చాలా తర్వాత ఒక సహోద్యోగి చెబితే తెలిసింది. నా ఇంట్లో నా కూతురు వేరొకరిని అమ్మా అని పిలుస్తుంటే, నాకు ఆ మాట అర్థమే కాలేదు.

ఆమె పాప మీద ప్రేమతోనే అంతా చేసింది కదా అని ఎవరైనా అనొచ్చు. నిజమే కావచ్చు. కానీ తల్లి చాకిరిని ప్రేమ అని పొగిడి దాని ఖరీదు మాయం చేస్తున్నారని ఇన్నేళ్లూ రాసినవాళ్లం మనమే. అదే ప్రేమ పేరుతో ఇంకో ఆడమనిషి బాకీ ఎగ్గొట్టడం ఎలా న్యాయం? నేనిచ్చిన జీతం పాపని 'చూసుకున్నందుకు'. మాట నేర్పినందుకు ఏమీ ఇవ్వలేదు, పైగా ఆ మాట తప్పన్నాను. నా కూతురితో గడిపిన ఆ గంటలన్నీ ఆమె కొడుకుకి దక్కని గంటలు. వాడు బస్తీలోని అంగన్‌వాడీలో మధ్యాహ్నం దాకా, తర్వాత పక్కింట్లో ఉండేవాడు. అక్కడ వాడికి మాటలు చెప్పింది కూడా తక్కువ డబ్బుకి పనిచేసే స్త్రీలే. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబర్ 12 నుంచి అంగన్‌వాడీ స్త్రీలు 42 రోజులు సమ్మె చేశారు. సంక్రాంతి పండగ సమ్మె శిబిరాల్లోనే గడిచింది. అప్పటికి కార్యకర్తకి నెలకి 11,500, ఆయాకి 7,000 రూపాయలు. దాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు.

ప్రామాణిక భాష రాకపోతే పిల్లలు నెగ్గుకురాలేరన్న వాదనా నాకు తెలుసు. అందులో నిజముంది. కానీ ఒక మాటకి తోడుగా ఇంకో మాట నేర్పడం వేరు, మొదటిది చెరిపి రెండోది రాయడం వేరు. చెరిపినప్పుడు పోయేది ఉచ్చారణ ఒక్కటే కాదు. ఆ మాట ఎవరి నోట విన్నదో ఆ మనిషీ చెరిగిపోతుంది. 2014 నుంచి సెప్టెంబర్ 9న, కాళోజీ పుట్టినరోజున తెలంగాణ భాషా దినోత్సవం జరుగుతోంది. సభల్లో మాతృభాష గొప్పతనం మాట్లాడతాం. ఆ మాటలోని తల్లి ఎవరని అడగం.

మా అమ్మాయి స్కూల్లో చేరాక ఆమె అవసరం లేదనుకుని మానిపించాం. అమ్మాయి ఇప్పుడు చక్కని పుస్తకాల తెలుగు మాట్లాడుతుంది. పోయిన సంక్రాంతికి బజారు నుంచి సకినాలు తెచ్చి తింటూ, "ఇవి నేనెప్పుడో చేశానమ్మా, ఎవరు నేర్పారు?" అని అడిగింది. ఆమె పేరు చెప్పగలిగాను. ఏ ఊరని అడిగితే వరంగల్ దగ్గర అన్నాను. అంతకుమించి నేనెప్పుడూ ఆమెను అడగలేదు.