స్తనభారమును దేహధర్మమును

మన ప్రబంధకవులు నాయికను వర్ణించునపుడు స్తనభారముచే వంగిన నడుమును సౌందర్యలక్షణముగా గణించిరి. ఆ భారమును మోయుచున్నది ఒక వెన్నెముక యనియు, ఆ వెన్నెముకకు నొప్పి కలదనియు వారికి స్ఫురింపలేదు. ఆ దృష్టి నేటికిని మన యిండ్లలో నిలిచియున్నది. మెడయు భుజములును నడుమును నిరంతరము పీకుచుండగా, బాడీ పట్టీలు భుజములపై గాడులు పడునట్లు ఒత్తుచుండగా, రొమ్ముల క్రింది మడతలో చెమట నిలిచి చర్మము ఒరసికొని వేసవియంతయు పుండ్లు పడుచుండగా, ఆ స్త్రీ కన్నతల్లితోనైనను చెప్పుకొనుటకు సిగ్గుపడును. చెప్పుకొని, రొమ్ములను తగ్గించు శస్త్రచికిత్స చేయించుకొందునన్నను, “దేవుడిచ్చిన శరీరమమ్మా, కత్తి పెట్టించుకొందువా?” యను మాటయే సమాధానముగా వచ్చును.

ఈ మాటను తేలికగా త్రోసిపుచ్చరాదు. రోగము సోకని మాంసమును కోయించుకొనుట ధర్మమా యని యడుగుట న్యాయమైన ప్రశ్నయే. అయితే దేహము ఈశ్వరదత్తమనుట సత్యమైనచో, దానిని సంరక్షించు బాధ్యతయు నంతే సత్యము. కఠోపనిషత్తు శరీరమును రథముగా భావించినది. రథము క్రుంగుచుండ బాగుచేయక చూచుచుండుట రథికునకు వైరాగ్యము కాజాలదు. సుశ్రుతసంహిత శస్త్రచికిత్సను పూర్వకర్మ, ప్రధానకర్మ, పశ్చాత్కర్మ యని మూడుగా విభజించి బోధించినది. కత్తిని వైద్యునిచేత పట్టించిన ఆ సంప్రదాయమునకు దేహమునందు గౌరవము లేదనగలమా? క్రైస్తవ లోకమునను ఈ మీమాంస జరిగినది. 1958 అక్టోబరులో, తన మరణమునకు కొలది దినములు ముందు, పన్నెండవ పయస్ పోపు ఇటలీ దేశపు ప్లాస్టిక్ సర్జన్లతో ప్రసంగించుచు, ఉద్దేశము శుద్ధమై, ఆరోగ్యమునకు పెద్ద అపాయము లేక, కారణము తగినదైనచో అట్టి చికిత్స దోషము కాదనెను.

మధుర స్థలపురాణములో మీనాక్షి మూడు స్తనములతో జన్మించినదనియు, సుందరేశ్వరుని చూచినంతనే మూడవది అంతర్ధానమైనదనియు కథ కలదు. పురాణకథను చికిత్సకు ప్రమాణముగా చూపుట నా యుద్దేశము కాదు. కాని అమ్మవారి దేహమే మారుటను శుభముగా చెప్పుకొనిన మతమునకు, పుట్టిన యాకారమును ముట్టరాదను నియమమును అంటగట్టుట తగదు.

ఇక ఆ శస్త్రచికిత్సను చేయించుకొనదలచినామె, ఏమి జరుగునో నిండుగా తెలిసికొనియే పోవలెను. పూర్తిగా మత్తునిచ్చి సాధారణముగా రెండు మొదలు నాలుగు గంటలు చేయు ఈ చికిత్సలో, అదనపు కొవ్వును గ్రంథిధాతువును చర్మమును తీసివేసి, చనుమొనను దాని రక్తనాళములతోను నరములతోను కూడిన మాంసపు కాడపై నిలిపి పైకి జరుపుదురు. చనుమొన చుట్టును, అచటినుండి నిలువుగా క్రిందికిని, తరచుగా రొమ్ము క్రింది మడత వెంబడియు కోత పడును. పొగత్రాగు అలవాటున్నచో కొన్ని వారములకు ముందే మానవలెను. రక్తప్రసారము తగ్గినచో గాయము మానదు, చనుమొనయే చెడవచ్చును. పశ్చాత్కర్మ దీర్ఘమైనది. తొలిదినములు వాపును నొప్పియు నుండును. కొందఱకు ఊరిన రక్తమును తోడు సన్నని గొట్టములు పెట్టుదురు. కొన్ని వారములపాటు రేయింబవళ్లు ఆధారపు బాడీ ధరింపవలెను. నాలుగాఱు వారములవరకు బరువెత్తరాదు. ఈ నియమమును ఇంటివారు ఆమెకంటె ముందుగా తెలిసికొనుట మేలు, ఏలయన ఆసుపత్రినుండి వచ్చిన కోడలు లేచి తిరుగుచున్నది గదా యని నీళ్లబిందె చేతికిచ్చు ఇండ్లు నేటికిని లేకపోలేదు.

మచ్చలు మొదట ఎఱ్ఱగా నుండి, ఏడాదికో అంతకు మించియో పాలిపోవును గాని పూర్తిగా మాయవు. రెండు వైపులును సరిసమానముగా కుదురకపోవచ్చును. చనుమొన స్పర్శ తగ్గవచ్చును, ఒక్కొక్కరికి పోవనువచ్చును. మెడనొప్పియు భుజముల నొప్పియు తగ్గునను ఆశ చాలమందికి నెరవేరుచున్నది. కాని దీనివలన దాంపత్యము చక్కబడునని, తనపై తనకున్న అయిష్టము తొలగునని ఆశించినచో, అది సర్జను చేతిలోనిది కాదు.

నన్ను మిక్కిలి ఆలోచింపజేయునది చనుబాల సంగతి. కోతలో పాలనాళములు కొన్ని తెగును. పిమ్మట కొందఱు తల్లులు బిడ్డకు పాలీయగలుగుదురు, కొందఱు కొంతమాత్రమే, కొందఱు బొత్తిగా ఇయ్యలేరు. అందుచేత పెండ్లికాని పిల్ల విషయమున పెద్దలు “కాన్పుల తరువాత చూతము” అందురు. ఆ మాటలో వాత్సల్యమును కలదు, నిజమును కలదు. గర్భధారణతో రొమ్ములు మరల పెరుగుటయు సంభవమే. అయినను, ఇంకను పుట్టని బిడ్డకొఱకు పదియేండ్లు నొప్పి సహింపవలెనా యను తీర్పు ఆ నొప్పి గల పిల్లయే చేయవలసినది. ఆమె తానై వేచియుండ నిశ్చయించినచో దానిని త్యాగమందును. ఇతరులు నిశ్చయించి ఆమెచే మోయించినచో ఆ పేరు పెట్టుటకు నాకు నోరు రాదు. సర్జనును కలసినపుడు, చనుమొనను ఏ పద్ధతిలో నిలుపుదురు, పాలనాళములు ఏపాటి మిగులును, స్పర్శ పోవు అవకాశమెంత యని ఆమె సంకోచింపక అడుగవలెను. తల్లి వెంట పోయినచో, ఆ ప్రశ్నలకు వచ్చు ఉత్తరములను ఇద్దఱును కలసి వినవచ్చును.