ఉచితమైన వెలుగును పొదుపు చేయవలెనా?

శామీర్‌పేట మండలములోని తుర్కపల్లిలో ఒకవైపు రైతుల ఇండ్లు, మరొకవైపు జీనోమ్ వ్యాలీ ప్రయోగశాలలు కలవు. టీకాలను చల్లగా నిలుపు యంత్రములును, పేదయింటి దీపమును విద్యుత్తుతోనే నడచుచున్నవి. 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకము క్రింద, నెలకు 200 యూనిట్ల లోపు వాడుకొను అర్హ కుటుంబములకు బిల్లు లేదు. ఇది పేదలకు మేలైన ఏర్పాటే. అయినను ఒక ప్రశ్న ఉదయించును: వెల చెల్లింపనక్కరలేని దానిని పొదుపు చేయు ధర్మము మనకు కలదా?

కలదనియే మా మనవి. మనము చెల్లింపనంత మాత్రమున దానికి వెల లేకపోదు. థర్మల్ కేంద్రములలో ఒక్క యూనిట్టు పుట్టుటకు అర కిలోకు పైగా బొగ్గు కాలును. ఆ బొగ్గు వెనుక సింగరేణి కార్మికుని కాయకము కలదు. కాయకమును గౌరవించువాడు దాని ఫలమును వ్యర్థము చేయడు.

60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగిన నెలకు 9 యూనిట్లగును; 9 వాట్ల ఎల్‌ఈడీ దీపమునకు ఒకటిన్నర యూనిట్టు చాలును. గది విడుచునపుడు ఫ్యాను ఆపుట, వేడి పదార్థములను చల్లారిన పిదపనే ఫ్రిజ్‌లో ఉంచుట, పప్పును నానబెట్టి మూతపెట్టి వండుట కష్టసాధ్యములు కావు.

200 దాటునేమోయని స్విచ్చు ఆపు చేయి, 120 వద్ద ఏల ఆపదు? మొదటిది లెక్క, రెండవది శీలము. ఉన్నది పంచుట దాసోహమైనచో, ఇతరులకు మిగులునట్లు వాడుకొనుటయు దాసోహమే. ఈ సాయంకాలము ఎవరును లేని గదిలోని దీపమును ఆర్పి చూడుడు.