హెచ్చరించినంత మాత్రాన బాధ్యత తీరునా?

ఒకరి చేతికి ఒక వస్తువు ఇస్తూ, "దీనితో ప్రమాదం ఉంది, జాగ్రత్త" అని చెప్పామనుకోండి. తరువాత అతనికి హాని జరిగితే, "నేను ముందే చెప్పాను కదా" అని మనం చేతులు కడుక్కోవచ్చునా? చాలా చిన్నదిగా కనిపించే ఈ ప్రశ్న మీద అమెరికా న్యాయస్థానాలలో ఏళ్ళ తరబడి వాదోపవాదాలు జరిగాయి. ఆ వాదాలకు కారణమైనది మొటిమలకు వాడే ఒక మందు.

మొటిమల కోసం కోర్టులా అని నవ్వకండి. ముఖమంతా గడ్డలు కట్టి, చీము పట్టి, మచ్చలు మిగిల్చే మొటిమల వల్ల నలుగురిలోకి రాలేక కుమిలిపోయే యువతీ యువకులు ఉన్నారు. అటువంటి వారి కోసం 'విటమిన్ ఎ' జాతికి చెందిన ఐసోట్రెటినాయిన్ అనే మందును రోష్ కంపెనీ తయారుచేసింది. 1982లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ దానికి అనుమతినిచ్చింది. అక్కడ దాని పేరు అక్యుటేన్. ఇతర మందులకు లొంగని తీవ్రమైన మొటిమలకే దీనిని ఉద్దేశించారు. ఎందరికో ఇది మేలు చేసిందన్న సంగతి మనం మరువరాదు.

అయితే గర్భిణులు ఈ మందును వాడరాదని మొదటి రోజు నుండే కాగితం మీద ముద్రించి ఉన్నది. అయినా ఏమి జరిగింది? మరుసటి సంవత్సరానికే, చెవులు, ముఖం, గుండె, మెదడు సరిగా ఏర్పడని శిశువులు పుట్టినట్లు కబుర్లు వచ్చాయి. 1988లో కంపెనీ ప్రత్యేక హెచ్చరికల కార్యక్రమం ప్రారంభించింది. అదీ చాలలేదు. చివరకు 2006లో ఐప్లెడ్జ్ అనే కట్టుదిట్టమైన పద్ధతి వచ్చింది. డాక్టరు, మందుల దుకాణం, రోగి అందరూ అందులో పేరు నమోదు చేసుకోవాలి. గర్భం దాల్చే అవకాశమున్న స్త్రీ గర్భ పరీక్ష చేయించుకోనిదే మందు ఇవ్వరాదు. చూడండి, "వాడరాదు" అన్న మాటను ముద్రించడానికి ఒక్క రోజు చాలింది. ఆ మాట శిశువులను కాపాడే ఏర్పాటుగా మారడానికి 24 సంవత్సరాలు పట్టింది!

పెద్ద సంఖ్యలో దావాలు మాత్రం మరొక విషయం మీద వచ్చాయి. ఈ మందు వాడినందువల్లే తమ పేగులకు తీవ్రమైన వ్యాధి వచ్చిందని, కంపెనీ తమను తగినంతగా హెచ్చరించలేదని వేలమంది న్యూజెర్సీ రాష్ట్ర కోర్టులను ఆశ్రయించారు. అలబామాకు చెందిన ఒక వ్యక్తికి వ్యాధి ముదిరి పెద్ద పేగునే తీసివేయవలసి వచ్చింది. 2007లో జ్యూరీ ఆయనకు సుమారు 26 లక్షల డాలర్లు ఇప్పించింది. పై కోర్టు దానిని కొట్టివేసింది. 2010లో రెండవ జ్యూరీ సుమారు 2 కోట్ల 50 లక్షల డాలర్లు ఇవ్వాలన్నది. గడువు దాటిన తరువాత దావా వేశారా లేదా అన్న వాదం నడిచి నడిచి, 2017లో గాని రాష్ట్ర సుప్రీంకోర్టు ఆ తీర్పును నిలబెట్టలేదు.

మరుసటి సంవత్సరమే కథ మలుపు తిరిగింది. పేగు వ్యాధులలో ఒకటైన క్రోన్స్ వ్యాధికి ఈ మందే కారణమని వాదించిన నిపుణుల పద్ధతి నమ్మదగినది కాదని 2018లో అదే సుప్రీంకోర్టు చెప్పింది. దానితో రెండు వేలకు పైగా దావాలు ముగిసిపోయాయి. అనేక పరిశోధనలలో ఆ మందుకూ ఆ వ్యాధికీ సంబంధం కనబడలేదు. 2002 తరువాతి హెచ్చరికలు చట్టరీత్యా చాలినవేనని అదే సంవత్సరం మరొక తీర్పు వచ్చింది. అప్పటికే, 2009లోనే, అక్యుటేన్ పేరుతో అమ్మకాన్ని రోష్ అమెరికాలో ఆపివేసింది. ఇతర పేర్లతో ఆ మందు నేటికీ అక్కడా ఇక్కడా దొరుకుతూనే ఉన్నది.

ఇందులో ఎవరిది న్యాయం? ఒక్క మాటలో తేల్చగలిగినది కాదు. రుజువు లేని నేరాన్ని ఎంత పెద్ద కంపెనీ మీదనైనా మోపరాదు. ధనవంతుని మీద చెప్పినంత మాత్రాన అబద్ధం నిజమైపోదు. కాని "ఈ మందువల్లనే వచ్చిందని రుజువు కాలేదు" అనడం వేరు, "నీ బాధ అబద్ధం" అనడం వేరు. కోర్టు మొదటి మాట మాత్రమే చెప్పగలదు. దావా ఓడిపోయి ఇంటికి వచ్చిన మనిషికి వ్యాధి అలాగే ఉంటుంది. తప్పు ఎవరిదో తేలితేనే నష్టపరిహారం ఇప్పించడం చట్టం పద్ధతి. తప్పు ఎవరిదని అడగకుండా ఆదుకోవడం పొరుగువాని పద్ధతి. మొదటిది జరగలేదు గనుక రెండవది అక్కరలేదని ఎవరనగలరు?

ఆ దావాలలో మరొక న్యాయసూత్రం మన ఆలోచనకు తగినది. మందుల కంపెనీ హెచ్చరించవలసింది ప్రధానంగా డాక్టరును. డాక్టరు రోగికి విడమరచి చెప్పాలి. అంటే హెచ్చరిక చేతి నుండి చేతికి అందవలసిన దీపం వంటిది. మధ్యలో ఒక్కరు ఆర్పివేసినా చివరివాడు చీకటిలోనే ఉంటాడు.

మరి మన ఇళ్ళలో ఆ దీపం ఎవరి చేతిలో ఉన్నది? డాక్టరు చీటీ లేకుండానే షాపులో మందు అడుగుతాం. అక్కకు మిగిలిన బిళ్ళలు చెల్లెలికి ఇస్తాం. పెళ్ళిచూపులు దగ్గరపడ్డాయి, ముఖం నున్నబడాలని తల్లే తొందరపడుతుంది. అమ్మాయికి పెళ్ళి జరుగుతుంది, నెల తప్పుతుంది. ఆ బిళ్ళ మానివేసిన తరువాత కూడా కనీసం ఒక నెల వరకు గర్భం రాకూడదని, అంతవరకు రక్తదానం కూడా చేయరాదని ఆ అమ్మాయికి చెప్పినవారెవరు? సరియైన హెచ్చరిక లేని వస్తువు వల్ల హాని జరిగితే పరిహారం కోరవచ్చునని మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం చెబుతున్నది. కాని చెల్లెలికి బిళ్ళలిచ్చిన అక్క మీద ఎవరు దావా వేస్తారు?

కాబట్టి ప్రియ పాఠకులారా, మందులకు భయపడమని కాదు ఈ మాటలు. డాక్టరు దగ్గర సిగ్గుపడక అడగండి. పెట్టెలోని కాగితం చదవండి, చదువురాని వారికి చదివి వినిపించండి. ఎదుటివానికి అర్థమయ్యేలా చెప్పి, అర్థమైందో లేదో తెలుసుకొని, అప్పటికీ హాని జరిగితే అతని పక్కన నిలబడినప్పుడే హెచ్చరించిన బాధ్యత తీరుతుంది. అంతకంటె తక్కువ చేసి "నేను ముందే చెప్పాను కదా" అంటే కోర్టు మనలను విడిచిపెట్టవచ్చు. మనస్సాక్షి విడిచిపెడుతుందా?