ఆత్మన్యూనతయు ఆత్మవిశ్వాసమును

పరుల సొత్తు నపహరించినవానిని దొంగ యందుము. పరుని గూర్చి కల్ల పలికినవానిని నిందకుఁడందుము. కాని తన్ను గూర్చి తానే కల్ల పలుకుకొని, దానిని నిజమని నమ్మి, జీవితమంతయు దానికి లోఁబడి నడచుకొనువానిని వినయవంతుఁడని మెచ్చుకొందుము. ఇది న్యాయమా? "నేను దేనికిని పనికిరాను; నావలనఁ గాదు; మావంటివారి కింతియే" యని దినమునకుఁ బదిమాఱులు తలఁచుట వినయము గాదు. అది విచారణ లేకయే చెప్పిన తీర్పు. సత్యమును గోరువారు ఇతరుల విషయమున నెంత జాగరూకతతో మాటలాడుదురో, తమ విషయమునను అంతటి జాగరూకతతోనే తలంపవలెనని నా యభిప్రాయము.

నేను న్యాయవాదిని. స్వానుభవ మొకటి చెప్పెదను. పాలమూరు పల్లెనుండి వచ్చి వృత్తిలోఁ జేరిన తొలి దినములలో ఒకనాఁడు నేను వాదించుచుండఁగా, నా యాసను విని యెదుటి పక్షపు న్యాయవాది నవ్వెను. ఆయనను జూచి మఱి యిద్దఱు నవ్విరి. ఆ నవ్వు క్షణములో ముగిసెను. నా మనస్సులో మాత్రము రెండేండ్లు నిలిచెను. "నా మాట సభకుఁ దగదు" అను తలఁపు నాలో వేరూనెను. వ్యాజ్యములను నేనే సిద్ధపఱచి, వాదించుటకు మాత్ర మితరులను నియోగించుచు వచ్చితిని. కల్వకుర్తి ప్రాంతపు వృద్ధురాలొకతె తన భూమి తగవు నా కప్పగించెను. దానిని గూడ వేఱొకరిచేత వాదింపఁజేసితిని. ఆయనకు సంగతులన్నియుఁ దెలియకపోవుటచే విచారణ యొక సంవత్సరము వెనుకఁబడెను. ఆమె కోపింపలేదు. "అయ్యా, నా ముచ్చట నీకెరుకయినట్టు ఇంకొకరికి ఎరుకనా? నువ్వే చెప్పరాదు?" అని మాత్ర మడిగెను.

నా పిఱికితనమునకు వెల నేను గాక ఆమె చెల్లించెనని యానాఁడు గ్రహించితిని. ఆత్మన్యూనత యొకని సొంత దుఃఖముగానే యుండిపోదు. వానిపై నాధారపడినవారి యన్నమును గూడ నది తగ్గించును. కాఁబట్టియే యిది నీతివిషయము.

ఆ రాత్రి, నా మనస్సు నాపైఁ దెచ్చిన యభియోగమును కాగితముపై వ్రాసి, దీనికి సాక్ష్యమేమి యని యడిగితిని. సాక్ష్యము ముగ్గురి నవ్వు. న్యాయాధిపతి నవ్వెనా? లేదు. నా యాసవలన నొక్క వ్యాజ్యమైనను ఓడిపోయెనా? లేదు. న్యాయస్థానములో నొక్క సంఘటననుబట్టి సర్వకాలమునకుఁ దీర్పు చెప్పరు. వినికిడి మాటను సాక్ష్యముగాఁ గొనుటకు సంకోచింతురు. ముద్దాయి వాదము వినక శిక్షింపరు. మనస్సులోని న్యాయస్థానమునందో, ఫిర్యాది, సాక్షి, న్యాయాధిపతి యను మువ్వురును ఒక్కరే. ముద్దాయి పక్షమున మాటలాడువాఁడు లేఁడు. వ్యాజ్యము మరల వాయిదాకు వచ్చినప్పుడు నేనే లేచి నిలిచితిని. కాళ్లు వణఁకినవి, మాట మాత్రము ఆగలేదు.

ఇట్టి విచారణ నా కనుఁగొన్నది గాదు. బానిసగాఁ బుట్టిన తత్త్వవేత్త ఎపిక్టెటస్, మనుష్యులను గలఁచునవి సంఘటనలు గావనియు, వానిని గూర్చి వారేర్పఱచుకొను నభిప్రాయములనియు బోధించెను. 1960వ దశకమున అమెరికా మానసిక వైద్యుఁడు ఆరన్ బెక్, కుంగుదలతో బాధపడువారి మనస్సులలో ఆత్మనింద తలఁపులు తమంతటఁ దామే పుట్టుచుండుటను గమనించి, వానిని నిజానిజములతో పోల్చి పరీక్షించుట నేర్పెడి చికిత్సను రూపొందించెను.

ఈ వ్యాధి వ్యక్తికివలెనే జనసముదాయమునకును గలుగును, చికిత్సయు నదియే. మన ప్రాంతపు చరిత్రయే యిందుకు నిదర్శనము. 1921 నవంబరులో హైదరాబాదున జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావుగారు తెలుఁగున మాటలాడ లేవఁగా సభికులలోఁ గొందఱు గేలిచేసిరి. అవమానము పొందిన తెలుఁగువారు "మన భాష సభకుఁ దగదు కాఁబోలు" అని యిండ్లకుఁ బోయి యూరకుండలేదు. కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. మఱుసటి యేఁడు 1922లో నల్లగొండనుండి 'నీలగిరి' పత్రిక వెలువడెను. 1931లో ఆంధ్ర మహాసభ రెండవ సమావేశము దేవరకొండలో బూర్గుల రామకృష్ణారావుగారి యధ్యక్షతను జరిగెను. గేలికి గుఱియైన భాషయే పదియేండ్లలో సభను నడపెను.

తరువాత, నిజాము రాష్ట్రమునఁ దెలుఁగు కవులే లేరన్న మాట యొకటి బయలుదేఱెను. పాలమూరు జిల్లావారును, న్యాయశాస్త్రము చదివినవారును, 1926లో 'గోలకొండ పత్రిక'ను స్థాపించినవారును అగు సురవరము ప్రతాపరెడ్డిగారు దానికిఁ జెప్పిన సమాధానము 1934 నాఁటి 'గోలకొండ కవుల సంచిక'. అందు 354 మంది కవులు గలరు. ఇందొక సూక్ష్మము గలదు. ఆ కవులను ఆయన సృష్టింపలేదు. వారు మునుపే యూళ్లలో నుండిరి, లెక్కించినవాఁడే లేఁడు. ఆత్మవిశ్వాసమనఁగా లేనిదానిని గలదని చెప్పుకొనుట గాదు, ఉన్నదానిని లెక్కించుట. సముద్రతీరమున జాంబవంతుఁడు హనుమంతునిఁ గూర్చి చేసిన పనియు నిదియే. ఆతఁడు క్రొత్త బలము నీయలేదు. బాల్యమున నాతఁడు చేసిన లంఘనమును జ్ఞాపకము చేసెను.

అభియోగము కొంత నిజమైనచో నేమి చేయవలెను? మన భాషయే యిందుకు దారి చూపుచున్నది. "చేయలేదు", "చేయలేను" అను రెండు మాటలకును భేదము కడపటి యక్షరమే. మొదటిది గడచినదానికి సాక్ష్యము. రెండవది రాఁబోవుదానిపైఁ దీర్పు. మొదటిది నిజమైన నొప్పుకొనుము, సిగ్గుపడ నక్కఱలేదు. దానినుండి రెండవదానికి దుముకకుము. "ఎల్లప్పుడు", "ఎన్నఁడును", "అందఱును" అను మాటలు తలఁపులో వచ్చినచో నిలిపి సాక్ష్యమడుగుము. పిమ్మట, భయపడిన పనిలో మిక్కిలి చిన్న భాగమును ఆ దినముననే చేయుము. తర్కము భయమును సడలించును. చేసిన పని క్రొత్త సాక్ష్యము నిచ్చును. అలవాటు ఒక్కనాఁట పోదు. తలయెత్తినప్పుడెల్ల మరల విచారింపవలెను.

ఇందొక హెచ్చరిక యవసరము. ప్రతి కష్టమును తలఁపుల దోషమే యనుట క్రూరత్వము. ఆనకట్టలు గట్టుటలోఁ బేరొందిన పాలమూరు కూలి, ఊరు విడిచి దూరప్రాంతములకు వలసపోవలసివచ్చుట వాని మనోదౌర్బల్యముచేతఁ గాదు. నీటి కఱవుచేతను, పని కఱవుచేతను. నల్లగొండ పల్లెలలో ఫ్లోరైడు నీటివలన నెముకలు వంగినవారికిఁ గావలసినది మంచినీరు గాని ధైర్యోపదేశము గాదు. కూలి యియ్యక ధైర్యము బోధించుట వంచన. కాని ఆ కష్టమును జూపి "మీరు వెనుకఁబడినవారు" అని వారి బిడ్డలకు బడిలోఁ జెప్పుట రెండవ వంచన.

సోదరులారా, ఆత్మనింద యెవనికిని బుట్టుకతో రాదు. బిడ్డను "మొద్దు" అని తండ్రి పిలుచును. యాసను జూచి యుపాధ్యాయుఁడు నవ్వును. ముప్పదియేండ్లకు ఆ మాటనే వాఁడు తన సొంత తీర్పుగా నెంచుకొనును. చదువుకొన్న మనము మన లోపలి తీర్పులను తిరిగి విచారించుటతోఁ దృప్తిపడరాదు. మన నోట వెడలి యితరులలో నాటుకొనిన తీర్పులను గూడ వెదకి రద్దు చేయవలసినవారము మనమే. ఆ వృద్ధురాలు నన్నడిగిన ప్రశ్నకు నాకుఁ దోఁచిన సమాధాన మిది.