మంత్రసాని నోట సత్యం



అపరాధ పరిశోధక కథలు చదివే గురువును చూసి మీరు నవ్వుకోవచ్చు. గురువిద్యాలయంలో తత్త్వశాస్త్రం చదివే రోజులనుండీ నాకీ బలహీనత ఉంది. ఇటీవల చదివినవి ఎడిత్ మాక్స్‌వెల్ అనే అమెరికా రచయిత్రి కథలు. వాటిలో హంతకులను కనిపెట్టేది రోజ్ కరోల్ అనే మంత్రసాని. కథలు మొదలయ్యే కాలం 1888. స్థలం మసాచుసెట్స్ రాష్ట్రంలోని ఆమ్స్‌బరీ, గుర్రపు బగ్గీల తయారీకి పేరుపడిన పట్టణం. 2016లో వచ్చిన మొదటి నవల పేరు 'డెలివరింగ్ ద ట్రూత్'. సత్యానికి పురుడు పోయడమన్నమాట! ఆ తరువాత మరికొన్ని నవలలు, చిన్న కథలు వచ్చాయి.

మంత్రసానికి నేరాలతో పనేమిటంటారా? పోలీసు అధికారి వీధిగుమ్మం దగ్గర ఆగిపోతాడు. మంత్రసాని పురిటిగది దాకా వెళుతుంది. నొప్పులు పడుతున్న స్త్రీ కన్నతల్లికి కూడ చెప్పని మాట ఆమెకు చెబుతుంది.

అయితే రోజ్ క్వేకరు. 17వ శతాబ్దంలో ఇంగ్లాండులో జార్జ్ ఫాక్స్ బోధతో మొదలైన ఈ క్రైస్తవ సమాజంవారు ప్రమాణం చేయరు. ఒట్టు పెట్టుకోవద్దని ప్రభువు కొండమీద చెప్పిన మాటను అక్షరాలా పట్టుకున్నారు. ఒట్టు వేసినప్పుడే నిజం చెబుతానంటే, మిగతా వేళల్లో అబద్ధమాడతానని ఒప్పుకున్నట్టే గదా! ఇందుకోసం చెరసాలలకు వెళ్లారు. 1662లో వారిమీద ప్రత్యేక చట్టమే వచ్చింది. దుకాణాల్లో బేరం కూడ మానేశారు. పది అడిగి ఏడుకు ఇవ్వడం అబద్ధమేనన్నారు. దివ్యసంస్కారాల విషయంలో వారికీ మనకూ చాల దూరం. వారు నీటితో జ్ఞానస్నానమే ఇవ్వరు. మన 1917 నాటి శ్రీసభ చట్టమైతే, ఆపదలో ఉన్న శిశువుకు జ్ఞానస్నానమిచ్చే పద్ధతి మంత్రసానులకు తెలిసి ఉండేలా చూడమని విచారణ గురువులను ఆదేశించింది. కాని నోటిమాట విషయంలో వారి ముందు నేను తలవంచుతాను.

మరి అబద్ధమాడకూడని మనిషే ఇతరుల రహస్యాలు మోయవలసి వస్తే? ఈ ఇరకాటమే నన్ను ఆ కథలకు కట్టిపడేసింది. పాపసంకీర్తనం వినే గురువుకు ఇది కొత్త కాదు.

నిర్గమకాండము మొదటి అధ్యాయం తెరవండి. మగశిశువులను చంపమని ఫరో ఆజ్ఞాపించినా షిఫ్రా, పూవా అనే మంత్రసానులు వారిని బ్రతకనిచ్చారు. ఎందుకని అడిగితే, హెబ్రీ స్త్రీలు మేము వెళ్లేలోపే ప్రసవిస్తున్నారని బొంకారు. దేవుడు వారికి మేలు చేశాడు. అబద్ధానికి బహుమానమా? కాదన్నారు పునీత అగుస్తీనువారు. దేవుడు మెచ్చింది వారి దయనే గాని బొంకును కాదు. పునీత తోమాసు అక్వినాసుగారిదీ అదే మాట. విద్యార్థిగా ఉన్నప్పుడు ఈ జవాబు నాకు రుచించలేదు. కత్తి పట్టుకున్న ఫరో ఎదుట ఆ ఇద్దరు ఆడవాళ్లు ఇంకేం చెప్పాలి? నిజం చెప్పాలంటే, ఇప్పటికీ నా మనసు పూర్తిగా కుదుటపడలేదు.

అయితే ఆ ఇద్దరు పునీతులే మరొకటి కూడ చెప్పారు. అబద్ధమాడటం వేరు, సత్యాన్ని దాచుకోవడం వేరు. అడిగినవారందరికీ అన్నీ చెప్పనక్కరలేదు. రోజ్ నడిచే సన్నని దారి ఇదే. మౌనంగా కూర్చుని ఆరాధించే సమాజంలో పెరిగిన స్త్రీకి నోరు కట్టుకోవడం కొంత అలవాటై ఉంటుంది.

మన ఇళ్లలో జరిగేది దీనికి తలక్రిందులు. పక్కింటి అమ్మాయి కన్నీళ్లతో చెప్పుకున్న రహస్యం సాయంత్రానికి వీధంతా తెలుస్తుంది. 'నేను నిజమేగా చెప్పాను' అని సమర్థించుకుంటాం. అప్పిచ్చినవాడు తలుపు తడితే మాత్రం 'నాన్న ఊళ్లో లేడని చెప్పు' అని పిల్లవాణ్ణి పంపిస్తాం. ఈసారి వాణ్ణి పంపకండి. మీరే గుమ్మంలోకి వెళ్లి, డబ్బు ఇంకా సమకూడలేదని చెప్పండి. పిల్లవాడు వెనక నిలబడి వింటాడు, విననివ్వండి.