తాళము వేసిన జ్ఞానము

రాయచూరు జిల్లా మస్కిలో అశోకుని పేరుగల శాసనము 1915లో దొరికినది. రాయి గనుక రెండువేల యేండ్లకు పైగా కావలివాడు లేకయే నిలిచినది. తాటాకునకు ఆ భాగ్యము లేదు. చెదలు, చెమ్మ, నిప్పు దానికి నిత్యశత్రువులు.

షట్ఖండాగమమునకు వ్యాఖ్యయైన ధవళ తాళపత్రములు శతాబ్దములపాటు మూడబిద్రిలోనే యుండెను. దర్శించి మ్రొక్కినవారే గాని చదివినవారు అరుదు. అచ్చటివారు కాపాడిరి, ఆ ఋణము తీరనిది. అయినను ఒక్క నిప్పురవ్వ పడియుండిన నేమయ్యెడిది? సరుకంతయు ఒకే గోదాములో నుంచిన వర్తకుని తెలివిగలవాడని యెవరందురు? ప్రతులు బయటికి వచ్చిన పిమ్మటనే హీరాలాల్ జైన్ గారి సంపాదకత్వమున 1939 మొదలు ధవళ 16 సంపుటములుగా అచ్చయినది.

జ్ఞానమును దాచుట జ్ఞానావరణ కర్మకు హేతువని తత్త్వార్థసూత్రము చెప్పుచున్నది. మరి పాడగునను భయముతో తాళము వేయుట దాచుటయా, కాచుటయా? నకలు వేరొకచోట నున్నచో కాచుటయే. లేనిచో తాళపుచెవి గలవాడు సమాధానము చెప్పుకొనవలసియుండును.

గుజరాతులోని పాటణ్‌లో పలు భండారముల వ్రాతప్రతులను 1939లో వెలసిన హేమచంద్రాచార్య జ్ఞానమందిరమున ఒక్కచోట చేర్చిరి. ఇంటి యినుప పెట్టె తాళపుచెవిని సొంత తమ్మునికిచ్చుటకే వెనుదీయు లోకమిది! అచ్చటి సంఘములవారు తాతలనాటి భండారములనే యిచ్చిరి.